చెప్పి వచ్చే వేడి, చెప్పకుండా చేరే చెమ్మ

మే నెలాఖరు, మధ్యాహ్నం రెండు గంటల వేళ అనుకుందాం. పల్నాడు జిల్లా రెంటచింతలలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం. సరిగ్గా అదే సమయానికి విశాఖపట్నం బీచ్ రోడ్డులో 33 డిగ్రీలు, తేమ 75 శాతం. రెండు ఊళ్ళలోనూ ఒకే రకం వీడియో కెమెరా ఉంది. ఏ ఊళ్ళో ఉన్న కెమెరాకు ముప్పు ఎక్కువ అని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు రెంటచింతల. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత కట్టుకున్నవాళ్ళం. రోలే నిలవని ఎండలో కెమెరా ఏపాటిది అనిపించడం సహజం. వేసవి వార్తలు కూడా ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీలు అన్న పట్టికతోనే మొదలవుతాయి, తేమ సంగతి చివరి వాక్యంలో వస్తే వచ్చినట్టు. కానీ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసి వేసే లెక్క వేరేగా ఉంది. ఆ మధ్యాహ్నం కాసేపు రికార్డింగ్ ఆగిపోయే అవకాశం రెంటచింతల కెమెరాకు ఎక్కువ. నాలుగైదేళ్ళకు మూలపడే అవకాశం విశాఖ కెమెరాకు ఎక్కువ. వేడి, తేమ రెండూ పరికరాలను పాడుచేసేవే అయినా వాటి తీరు ఒకటి కాదు. వాటిని విడివిడిగా చూసినంతకాలం ఈ తేడా అర్థం కాదు. పరికరం క్షేమం కోరేవారు చూడవలసిన అంకె ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, తేమ శాతం ఒక్కటే కాదు. ఆ రెండూ కలిసి తేల్చే మూడో అంకె ఒకటుంది.

ముందుగా వేడికి దక్కవలసిన మర్యాద దానికి ఇవ్వాలి. కెమెరాను వేడెక్కించేది ఎండ ఒక్కటే కాదు, కెమెరా తన వేడిని తానే పుట్టించుకుంటుంది. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తీస్తే సెన్సర్ నుంచి ప్రతి సెకనుకూ దాదాపు 50 కోట్ల పిక్సెళ్ళ సమాచారాన్ని చదివి, సరిదిద్ది, కుదించి, కార్డులో రాయాలి. ఈ పనికి ఖర్చయిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఫొటో తీసేటప్పుడు సెన్సర్‌కు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది, వీడియోలో దొరకదు. పైగా అరచేతిలో ఇమిడే ఒంట్లో, దుమ్ము దూరకుండా బిగించిన అరలో ఇదంతా జరగాలి. 2020లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్5 కెమెరా 8కే వీడియోను 23 డిగ్రీల వాతావరణంలో సుమారు 20 నిమిషాలు తీయగలదని ఆ కంపెనీయే ప్రకటించింది. 23 డిగ్రీలంటే మనకు డిసెంబరు ఉదయం. అదే వరసలో 2022లో వచ్చిన ఆర్5 సి మోడల్‌కు లోపల ఫ్యాను అమర్చి ఆ పరిమితిని దాటవలసి వచ్చింది. వేడి అనేది కెమెరా రూపాన్నే మార్చించగల సమస్య అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

వేడి బొమ్మ నాణ్యతనూ దెబ్బతీస్తుంది. సెన్సర్ సిలికాన్‌తో చేసింది. వెలుతురు పడినప్పుడు సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి, వాటిని లెక్కపెట్టి కెమెరా బొమ్మ కడుతుంది. అయితే ఎలక్ట్రాన్లను విడిపించడం వెలుతురుకు ఒక్కదానికే తెలిసిన విద్య కాదు, వేడికీ తెలుసు. చీకట్లో మూత పెట్టి ఉంచినా వేడివల్ల విడుదలయ్యే ఈ ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని డార్క్ కరెంట్ అంటారు. సెన్సర్ ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇది రెట్టింపవుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉన్న సెన్సర్ 55కి చేరితే అయిదుసార్లు రెట్టింపై, సుమారు 32 రెట్లవుతుంది. రాత్రి దృశ్యాల్లో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కల్లో, కదలకుండా వెలిగే పిక్సెళ్ళలో దీని వాటా పెద్దది. పరారుణ కిరణాలను పట్టే జేమ్స్ వెబ్ టెలిస్కోపులోని సెన్సర్లను సున్నాకు 220 డిగ్రీలకు పైగా దిగువన ఉంచడానికి ఒక కారణం ఇదే.

ఇవి అప్పటికప్పుడు కనిపించే ఫలితాలు. వేడికి నిదానంగా చేసే నష్టమూ ఉంది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ 1889లో రసాయన చర్యల వేగానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న లెక్కను సూత్రబద్ధం చేశాడు. దాని నుంచి ఇంజనీర్లు ఒక మోటు లెక్క తీసుకున్నారు: పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపు. పవర్ సప్లైల్లో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయువు ఉందని రాసి ఉంటే, 65 డిగ్రీల దగ్గర అది 32,000 గంటలు పనిచేయగలదని అంచనా వేస్తారు. మొదటిది 83 రోజులు, రెండోది మూడున్నరేళ్ళకు పైమాటే. లిథియం అయాన్ బ్యాటరీ లోపల అనవసర చర్యలూ ఇలాగే వేగం పుంజుకుంటాయి. నిండుగా చార్జి చేసి వేడిలో వదిలేసిన బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది, ఒక్కోసారి లోపల వాయువులు పుట్టి ఉబ్బుతుంది. ఎండలో నిలిపిన కారు ఇందుకు తగిన కొలిమి. అమెరికాలోని ఎరిజోనాలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండలో ఉంచిన కార్ల డ్యాష్‌బోర్డు గంటలో సగటున 69 డిగ్రీలకు చేరింది. మన వేసవికి ఎరిజోనా మరీ పరాయిది కాదు. కాబట్టి వేడి హానికరం కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే వేడికి ఒక సుగుణం ఉంది: చెప్పి వస్తుంది. చేతికి తగులుతుంది. కెమెరా లోపల ఉష్ణోగ్రతను కొలిచే చిన్న సెన్సర్లు ఉంటాయి. హద్దు దాటగానే తెర మీద హెచ్చరిక వెలుగుతుంది, అప్పటికీ వినకపోతే కెమెరా తనంత తానే ఆగిపోతుంది. నీడకు తీసుకెళ్ళి చల్లారనిస్తే చాలాసార్లు ఏమీ జరగనట్టే మళ్ళీ పనిచేస్తుంది. తేమ విషయంలో ఈ ఏర్పాటు సాధారణంగా ఉండదు. తయారీదారులు రాసే షరతులను జాగ్రత్తగా చదివితే ఈ తేడా అక్కడే బయటపడుతుంది. చాలా కెమెరాలకు పనిచేసే వాతావరణం 0 నుంచి 40 డిగ్రీలు, తేమ 85 శాతం లోపు అని రాస్తారు. ఐఫోన్‌కు 0 నుంచి 35 డిగ్రీలు, తేమ 5 నుంచి 95 శాతం అని రాసి, దాని పక్కనే ఒక చిన్న షరతు పెడతారు: ఆ తేమ నీటి బొట్లుగా మారకూడదు. అసలు కథంతా ఆ చిన్న షరతులోనే ఉంది. 95 శాతం తేమను తట్టుకునే పరికరం ఒక పలుచని నీటి పొరను తట్టుకోలేదని తయారుచేసినవారే ఒప్పుకుంటున్నారు. అయితే ఆ పొర ఎప్పుడు పడుతుందో తేమ శాతం చెప్పదు.

తేమ శాతం ఎందుకు చెప్పదో చూద్దాం. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఒక ఘనపు మీటరు చోటులో 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు, 35 డిగ్రీల దగ్గర దాదాపు 40 గ్రాముల ఆవిరి పడుతుంది. తేమ శాతమంటే ఆ ఉష్ణోగ్రతకు పట్టగల ఆవిరిలో ఇప్పుడు ఎంత వంతు ఉందన్నది మాత్రమే. పాత్ర సైజు మారిపోతూ ఉంటే సగం నిండింది, ముప్పావు నిండింది అనే మాటకు విలువెంత? అందుకే వాతావరణ శాస్త్రవేత్తలు మరో కొలత వాడతారు. ఉన్న ఆవిరిని అలాగే ఉంచి గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర అది నిండిపోయి నీరుగా దిగడం మొదలుపెడుతుంది. అదే తుషార బిందువు, వాతావరణ నివేదికల్లో డ్యూ పాయింట్ అని కనిపించేది. చల్లని మజ్జిగ గ్లాసుకు బయట పట్టే నీరు లోపలి నుంచి ఊరింది కాదు. గ్లాసు గోడ గాలి తుషార బిందువు కంటే చల్లగా ఉందని చెప్పే సాక్ష్యం. మన రెండు ఊళ్ళకు ఈ లెక్క వేస్తే రెంటచింతల గాలి తుషార బిందువు సుమారు 16 డిగ్రీలు, విశాఖ గాలిది 28 డిగ్రీలు. ఘనపు మీటరు గాలిలో అక్కడ 12 గ్రాముల ఆవిరి ఉంటే ఇక్కడ 26 గ్రాములకు పైగా ఉంది. ఉష్ణోగ్రత పట్టికలో పదకొండు డిగ్రీలు వెనకబడిన ఊరు నీటి లెక్కలో రెండింతలు ముందుంది.

ఇప్పుడు ఏసీ గదిని ఈ లెక్కలోకి తెద్దాం. 22 డిగ్రీల గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను ఉదయం బయటికి తెస్తే దాని లెన్స్, లోహపు ఒళ్ళు ఇంకా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. రెంటచింతలలో తుషార బిందువు 16 కాబట్టి చుక్క నీరు పట్టదు. విశాఖలో తుషార బిందువు 28 కాబట్టి నిమిషంలో లెన్స్ మసకబారుతుంది. ఏసీ కారు దిగగానే కళ్ళద్దాలకు పట్టే ఆవిరి ఇదే. అద్దం మీది పొర కనిపిస్తుంది, తుడుచుకుంటాం. బ్యాటరీ అర మూత తీసినప్పుడు, లెన్స్ మార్చినప్పుడు, జూమ్ గొట్టం ముందుకు వచ్చి బయటి గాలిని లోపలికి పీల్చినప్పుడు సర్క్యూట్ బోర్డుల మీద పట్టే పొర మాత్రం కంటపడదు. క్యాసెట్ల కాలంలో ఈ ప్రమాదం ఎంత తక్షణమంటే వీడియో కెమెరాలే దాన్ని కనిపెట్టి చెప్పేవి. వీహెచ్ఎస్ యంత్రంలో నిమిషానికి 1,500 చుట్లు తిరిగే డ్రమ్ముకు టేపు చుట్టుకుని ఉంటుంది. డ్రమ్ము చెమ్మగిల్లితే టేపు అతుక్కుని నలిగిపోతుంది. అందుకని చెమ్మను పసిగట్టే సెన్సర్ పెట్టి, డ్యూ అనే అక్షరాలు వెలిగించి, ఆరేవరకూ యంత్రం కదలకుండా చేసేవారు. టేపు పోయాక ఆ హెచ్చరికా పోయింది. నీరు పట్టడం మాత్రం పోలేదు.

ఒక పలుచని నీటి పొర ఎలక్ట్రానిక్స్‌ను ఏం చేయగలదు అన్నది తర్వాతి ప్రశ్న. శుద్ధమైన నీరు కరెంటును బాగా మోయలేదు, కానీ సర్క్యూట్ మీద పడిన నీరు ఎక్కువసేపు శుద్ధంగా ఉండదు. టంకం వేసినప్పుడు మిగిలిన రసాయనాలు, వేళ్ళ చెమట, దుమ్ము, తీరంలోనైతే ఉప్పు దానిలో కరుగుతాయి. వెంట్రుకవాసి ఎడంలో ఉన్న రెండు లోహపు దారుల మధ్య కొద్ది వోల్టుల తేడా చాలు. ఒకదాని లోహం అయాన్లుగా కరిగి రెండోదాని వైపు ప్రయాణించి అక్కడ సన్నని చెట్టుకొమ్మల్లా పేరుకుంటుంది. ఆ కొమ్మ రెండో దారిని తాకిన రోజున షార్ట్ సర్క్యూట్. రాగి బిందెకు పట్టే చిలుమూ, ఇనుప చువ్వకు పట్టే తుప్పూ ఈ కుటుంబానివే. ఇక్కడ కరెంటు తోడై వేగం పెరిగింది, అంతే. ఉప్పు వాటా ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ తానే గాలి నుంచి నీరు లాక్కుని ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. ముసురు రోజుల్లో జాడీలోని రాళ్ళ ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టడం వెనుక ఉన్నది ఇదే. సముద్రపు గాలి సర్క్యూట్ మీద వదిలిన ఉప్పు రేణువు అలాంటి చిన్న ఉప్పు జాడీ. గాలి తుషార బిందువుకు చేరకముందే అది తనచుట్టూ నీటి మడుగు తయారుచేసుకుంటుంది.

వేడి, తేమ ఒకదానికొకటి తోడైతే ఏమవుతుందో కొలిచినవారున్నారు. ప్లాస్టిక్ తొడుగుల్లో ఉన్న చిప్‌లు తేమకు ఎలా చెడిపోతాయన్న పరీక్షల ఫలితాలను కలిపి స్టీవర్ట్ పెక్ 1986లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. చిప్‌లను 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచే పరీక్ష ఆ రంగంలో నేటికీ ప్రామాణికం. పెక్ లెక్కలో ఆయువు తేమ శాతం పెరిగేకొద్దీ దాని ఘాతంలో తరుగుతుంది, ఆ ఘాతాంకం సుమారు 2.7. దీని ప్రకారం ఉష్ణోగ్రత 25 నుంచి 35 డిగ్రీలకు పెరిగితే నష్టం వేగం సుమారు 2.7 రెట్లు, తేమ 50 నుంచి 80 శాతానికి పెరిగితే మూడున్నర రెట్లు. రెండూ ఒకేసారి పెరిగితే ఆ రెండు అంకెలను కూడకూడదు, గుణించాలి. తొమ్మిదిన్నర రెట్లవుతుంది. మన రెండు ఊళ్ళ మధ్యాహ్నాలను ఇందులో పెడితే విశాఖ గాలి రెంటచింతల గాలి కంటే పన్నెండు రెట్లు వేగంగా ఆ రకం నష్టం చేయగలదని వస్తుంది. ఈ సూత్రాన్ని తేమ బాగా ఎక్కువగా ఉన్న పరీక్షల నుంచి తీశారు కదా, 20 శాతం దాకా లాగడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా ఏ ఊరూ ఏడాది పొడుగునా ఒక మధ్యాహ్నంలా ఉండదు. కాబట్టి పన్నెండు అన్న అంకెను కచ్చితమైన కొలతగా తీసుకోకూడదు, దిశను చూపే బాణంగా తీసుకోవాలి. అంకె సగానికి సగం తగ్గినా బాణం తిరిగే వైపు మారదు.

రసాయనం చేసే పని ఇది. ఇక ప్రాణమున్నవి చేసే పని. తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిచిన చోట బూజు మొలుస్తుంది. లెన్స్ మీద పెరిగే బూజు గాజును తినదు. గాజు మీది దుమ్ము, వేలిముద్రల జిడ్డు, లోపలి గ్రీజు దానికి చాలు. తింటూ అది విడిచే ఆమ్లాలు లెన్స్ పూతను, ఒక్కోసారి గాజునే కొరుకుతాయి. అప్పుడు బూజును తుడిచినా సాలెగూడు లాంటి మచ్చ మిగిలిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూగినీ అడవుల్లో సైనికుల బైనాక్యులర్లు, గురిచూసే దుర్భిణులు ఇలాగే పనికిరాకుండా పోతే, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దానికి విరుగుడు వెతకవలసి వచ్చింది. ఎండలో మండే ఎడారి యుద్ధరంగాల పరికరాలకు ఇసుక బాధ ఉంది కానీ బూజు బాధ లేదు. తెలుగు ఇళ్ళ బీరువాల్లో ఇదే సాక్ష్యం మరో రూపంలో దొరుకుతుంది. ఎనభైలు, తొంభైల నాటి పెళ్ళి వీడియో క్యాసెట్లు చాలా ఇళ్ళలో పట్టుచీరల పక్కన భద్రంగా ఉన్నాయి. వాటిలో ఎన్నో టేపు అంచున తెల్లని బూజు గీతతో బయటపడుతున్నాయి. అలాంటి టేపును శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే ఆ బూజు యంత్రానికీ, అక్కడి నుంచి తర్వాతి క్యాసెట్‌కూ అంటుతుంది. అయస్కాంతపు పొడిని టేపుకు పట్టి ఉంచే జిగురు కూడా ఏళ్ళ తరబడి తేమను పీల్చి బంకగా మారవచ్చు. ఏ ఎండా తగలని బీరువా చీకట్లో ఇదంతా జరుగుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అనుభవం నుంచి వస్తుంది. షూటింగుల్లో కెమెరా ఆగిపోయేది వేడికే తప్ప తేమకు ఆగిపోగా ఎవరూ చూడలేదు కదా అని. నిజమే, కానీ ఆగిపోవడం రక్షణ చర్య. థర్మామీటరు ఉంది కాబట్టి కెమెరా వేడిని ఫిర్యాదు చేస్తుంది. తేమను కొలిచే సాధనం లేదు కాబట్టి ఊరుకుంటుంది. కాపలా లేని దారిన వచ్చే దొంగ లెక్కకు రాడు. పైగా తేమ చేసిన నష్టం బయటపడే రోజుకు కారణం మాసిపోయి ఉంటుంది. వానాకాలంలో మొదలైన తుప్పు సంక్రాంతికి ఒక బటన్ పనిచేయకపోవడంగా తేలుతుంది, వేసవిలో చార్జింగ్ ఎక్కకపోవడంగా తేలుతుంది. అప్పుడు నింద ఎండ మీదికో, కరెంటు హెచ్చుతగ్గుల మీదికో పోతుంది.

రెండో అభ్యంతరం కొనుగోలుదారులది. తడి చేరకుండా సీలు వేసిన కెమెరాలు, ఐపీ66, ఐపీ67 ముద్ర ఉన్న సీసీ కెమెరాలు వచ్చాయి కదా అని. ఆ ముద్రలు చెప్పేది దుమ్ము గురించి, నీటి ధార గురించి, కొంతసేపు నీటిలో మునగడం గురించి. నీటి ఆవిరి గురించి అవి ఏమీ హామీ ఇవ్వవు. రబ్బరు రింగు బొట్టును ఆపుతుంది, ఆవిరి అణువులను పూర్తిగా ఆపలేదు. గోడ మీది సీసీ కెమెరా పగలు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు బయటి తేమగాలిని లోపలికి పీలుస్తుంది. రోజుకొక్క శ్వాస. కొన్నాళ్ళకు తెల్లవారుజామున గాజు గిన్నె లోపలి వైపున మంచు పడుతుంది, తుడవడానికి చెయ్యి పోదు. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున మూత బిగించిన పెట్టెలో చిక్కిన గాలికి తుషార బిందువు 25 డిగ్రీలు. ఆ పెట్టె 25 కంటే చల్లబడిన ప్రతిసారీ లోపల నీరు దిగుతుంది. సీలు ఎంత గట్టిదైతే ఆ నీరు బయటికి పోవడం అంత కష్టం. అందుకే తెలిసిన ఇంజనీర్లు పెట్టెను పూర్తిగా మూసేయకుండా, ఆవిరిని పోనిచ్చి నీటిని ఆపే ప్రత్యేక పొరతో చిన్న కిటికీ పెడతారు.

ఏసీ గదిలో ఉంచితే రెండు బాధలూ తీరతాయన్నది మూడో వాదన. ఇందులో నిజం ఉంది. అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయానికి తొలి యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు. తేమకు కాగితం సాగి, ముడుచుకుని రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకపోవడం ఆ ముద్రణాలయం సమస్య. ఏసీ గొట్టం నుంచి కారే నీరు గదిలోని గాలి వదిలిన ఆవిరే. ఇరవైనాలుగు గంటలూ ఏసీ నడిచే సర్వర్ గదులకు ఇది చక్కగా సరిపోతుంది. ఆ గదులకు ప్రమాణాలు నిర్ణయించే ఆష్రే సంస్థ 18 నుంచి 27 డిగ్రీల ఉష్ణోగ్రతను సిఫారసు చేస్తూ, తేమకు హద్దును శాతంతో ఆపకుండా 15 డిగ్రీల తుషార బిందువుగానూ చెప్పడం గమనించాలి. వీడియో కెమెరా పరిస్థితి వేరు. దాని బతుకే లోపలికీ బయటికీ తిరగడం. ఏసీ గది దాన్ని తుషార బిందువు కిందికి దింపుతుంది, గుమ్మం దాటగానే ఉక్క దాని మీద విరుచుకుపడుతుంది. ఏసీ మంచిదా చెడ్డదా అన్నది ఆ రోజు తుషార బిందువును బట్టి ఉంటుంది. రెంటచింతలలో అది వట్టి మేలు, విశాఖలో మేలుతో పాటు ఒక గండం. గండం దాటే ఉపాయం చవకైనది. గదిలో ఉండగానే కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, బయటికి తెచ్చాక అరగంటో గంటో ఆగి, బయటి వేడి దానికి ఎక్కాకే తీయాలి. నీరు పడితే సంచి మీద పడుతుంది.

ఇక్కడే వేడికి మరో ముఖం కనిపిస్తుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిని అందులోని ఆవిరిని తీయకుండానే 40 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 46 శాతానికి పడిపోతుంది. ఆవిరి అంతే ఉంది, పాత్ర పెద్దదైంది. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో లెన్స్‌లు దాచే బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. పనిలో ఉన్న కెమెరా తన వేడితో తన లోపలి గాలిని తానే ఆరబెట్టుకుంటుంది. నెలల తరబడి సంచిలో పడుకున్న కెమెరాకు ఆ అవకాశం లేదు. రాత్రంతా నక్షత్రాలను చిత్రించేవారు లెన్స్ చుట్టూ చిన్న హీటర్ పట్టీ చుడతారు, గాజు తుషార బిందువు కంటే రెండు మూడు డిగ్రీలు పైన ఉంటే మంచు పట్టదని. వారే డార్క్ కరెంట్ తగ్గించడానికి సెన్సర్‌ను సున్నా కంటే దిగువకు చల్లబరుస్తారు, వెంటనే దాని మీద మంచు పేరుకోకుండా ఆ అరను పొడిబారిన వాయువుతో నింపవలసి వస్తుంది. వేడిని గెలిచిన మరుక్షణం తేమ ఎదురొస్తుంది. సినిమాలకు వాడే ఆరి అలెక్సా కెమెరా రూపకర్తలు ఈ సంగతి ఎరిగినవారే. 2010లో వచ్చిన ఆ కెమెరాలో ఫ్యాను గాలి వేడిని మోసుకుపోయే లోహపు రెక్కలను మాత్రమే తాకుతుంది, మూసి ఉన్న సర్క్యూట్లను తాకదు. వేడి బయటికి పోవాలి, తేమ లోపలికి రాకూడదు అన్న రెండు పనులనూ విడదీసి ఒకేసారి సాధించిన పద్ధతి అది.

అలాగని తేమను సున్నాకు దించాలనుకోవడం అతి అవుతుంది. గాలి మరీ పొడిబారితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి, స్థిర విద్యుత్తు పెరిగి చిప్‌లకు ముప్పు తెస్తుంది. లెన్స్‌లకు 40 నుంచి 50 శాతం మధ్య సుఖం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఒక చిన్న తేమమాపకం పెడితే ఆ అంకె అందుబాటులోకి వస్తుంది. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే అవి నిండాయని గుర్తు. సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్ళీ పనికొస్తాయి. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పాతిపెట్టే ఆచారాన్ని మాత్రం వదులుకోవాలి. బియ్యం నీటిని లాగేది కొంచెమే, తవుడు రేణువులను సందుల్లో నింపేది ఎక్కువ.

తేలిన సంగతి ఇది. వేడి ఒక్కటే ఉన్న చోట కెమెరాకు కావలసింది నీడ, కాస్త విరామం, కారులో బ్యాటరీ వదలకపోవడం. తేమ కూడా ఉన్న చోట పరికరం ఎంత చల్లగా ఉంది, గాలి తుషార బిందువు ఎంత అన్న రెండు అంకెలను పోల్చి చూసే అలవాటు కావాలి. పరికరం పైన ఉంటే నిశ్చింత, కింద ఉంటే సంచి విప్పకూడదు. ఫోన్‌లోని చాలా వాతావరణ యాప్‌లలో ఉష్ణోగ్రత కిందనే ఆ అంకె ఉంటుంది. యాప్ లేకపోయినా కొలత లేకుండా పోదు. ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్ ఏ ఊళ్ళో సాయంత్రానికే నిండుతోందో, ఆ ఊళ్ళో బీరువాలోని కెమెరాను వారానికొకసారి బయటికి తీసి కాసేపు నడపడం మేలు.